మూడు కిలోల బియ్యం

ఈ ఊరికి కొండ లేదు.
ఉన్న ఒక్క పరంగిమలకీ నూట ముప్పై చిల్లర మెట్లు,
చెమట పట్టేలోగా చర్చి ఎదురొచ్చేస్తుంది.
అందుకని వడపళని వెనకాల
మూతపడ్డ మాల్ పార్కింగు దొరకబుచ్చుకున్నాం,
ఏడంతస్తుల సిమెంటు మెలిక.
పొద్దున నాలుగింటికి
దాన్నే కొండ అనుకోమంది హైమ.

పూర్తి పేరు హైమవతి.
మంచుకొండ కూతురి పేరు పెట్టుకుని
నలభై ఒక్కేళ్ళుగా
సముద్రానికి అరచెయ్యంత ఎత్తున
ఎవరెవరివో జీఎస్టీ లెక్కలు రాస్తూ బతికింది.
ఏర్కాడు అడవిలో యాభై కిలోమీటర్ల పరుగుందట, పోదామా అని
పొంగల్ మీద నెయ్యి కరిగేలోపు అడిగింది.
కరిగేలోపే సరేనన్నాను.
తెలివి తరవాత వచ్చింది.

వాచ్‌మన్ దేవసహాయానికి మొదట మేం దొంగలం,
తరవాత పిచ్చివాళ్ళం,
మూడో వారం నించి ఆయన పూచీ.
ఒక్కో చుట్టూ దిగొచ్చినప్పుడల్లా
స్టూలు మీద ఒక అగ్గిపుల్ల పెట్టేవాడు.
ఆయన తమిళంలో లెక్కపెట్టేవాడు, నేను తెలుగులో.
పద్నాలుగు దగ్గర ఎప్పుడూ తేడా వచ్చేది.
ఎప్పుడూ ఆయన లెక్కే తక్కువ.
ఆ తగ్గిన చుట్టు మళ్ళీ తిరిగేవాళ్ళం.

వీపున సంచి, సంచిలో మూడేసి కిలోల సోనామసూరి.
ఇసుక వద్దంది హైమ,
దారిలో పడిపోతే వండుకు తినడానికైనా ఉంటుందని.
పరిగెత్తుతుంటే ఆ బియ్యం
ఎవరో చేటలో చెరుగుతున్నట్టు చప్పుడు.
రెండు చేటలు.
చీకట్లో ఆ చప్పుడుని బట్టే
తను ఎన్ని అడుగుల దూరంలో ఉందో తెలిసేది.

పక్కపక్కన పరిగెత్తేవాళ్ళు
ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు.
మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య,
ఊపిరి అందినంత మేర, నాలుగేసి మాటల చొప్పున,
నా పెళ్ళికి ఎందుకు రాలేదో
పద్దెనిమిదేళ్ళ తరవాత చెప్పింది.
బదులివ్వడానికి నాకు ఊపిరి చాల్లేదు.
అదే మంచిదైంది.

ఎక్కడం ఊపిరి పని, దిగడం తొడల పని.
ఇంటికొచ్చాక మేడ మెట్లు
నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి దిగేదాన్ని.
మా ఆయన నవ్వాపుకోడానికి పేపరు అడ్డం పెట్టుకునేవాడు.
చింతపండూ బెల్లమూ రాళ్ళుప్పూ దంచి
హైమ చేసిన ముద్ద బుగ్గన పెట్టుకుంటే
అప్పుడు నాలుక మళ్ళీ నాదయ్యేది.

ఇంకా నలభై రోజులుందనగా
ఐదో అంతస్తు మలుపులో
ముందున్న చేట ఆగింది.
గోడ పట్టుకుని,
ఎడమ మోకాలి చిప్పకి జానెడు కింద
ఎముక మీద వేలు పెట్టింది.
చుక్కంత చోటు.
"ఇక్కడ."
"ఎప్పట్నించి?"
"పదమూడు రోజులు."

ఆ పదమూడు రోజులూ నేను వెనకే ఉన్నాను.
అరిగిన మడమ చూశాను, జడ ఊగడం చూశాను.
చెరుగుతున్న చప్పుడులో
ఒక రాయి తగులుతోందని వినలేదు.

ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత.
ఎనిమిది వారాలన్నాడు డాక్టరు.
అయితే నేనూ మానేస్తానన్నాను.
హైమ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను,
చిన్నప్పుడు గూడూరు బస్టాండులో ఏరుకున్నవి.

మర్నాడు నాలుగింటికి ఆటో దిగింది.
తన మూడు కిలోలూ దేవసహాయం తువ్వాల్లో ఒంపి
ఆయన స్టూలు లాక్కుని కూర్చుంది.
ఆయన బియ్యం వంకా ఆవిడ కాలి వంకా చూసి
అగ్గిపెట్టె అందించాడు.

ఏడో అంతస్తుకి కప్పు లేదు.
మొదటి మెట్రో
దీపాలేసుకుని ఖాళీగా పోతోంది.
దాని కింద పరిచిన చాపలా ఊరు,
ఎక్కడా ఒక మడత లేదు.
నా వీపున ఒక్క చేటే ఆగీ ఆగీ సర్దుకుంటోంది.

పిట్టగోడ మీంచి వంగి
ఎన్నయ్యాయని అరిచాను.

ఏడంతస్తుల సిమెంటు గొట్టంలోంచి
గిరగిరా తిరుగుతూ పైకొచ్చింది గొంతు:
"పద్నాలుగు!"

నా లెక్కకి పదిహేను.
వాదించలేదు.
సంచి పట్టీ బిగించి
దిగడం మొదలుపెట్టాను.